పాలరాయి హాల్లో హరికథ: మూడు రాత్రుల సౌండ్ పని

మొదటి రాత్రి కథ ముగిశాక, చెప్పులు వెతుక్కుంటూ ఒక పెద్దావిడ నా మిక్సర్ టేబుల్ దగ్గర ఆగింది. "మోత బాగానే ఉంది నాయనా, మాటే తెలియలేదు" అంది. కోపంగా అనలేదు. కథ ఆవిడకి ముందే తెలుసు కాబట్టి వెనక నుంచి మూడో వరసలో రెండు గంటలు ఓపిగ్గా కూర్చుంది. కథ తెలియని మనవడు పక్క కుర్చీలో నిద్రపోయాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ రాత్రి నాకు కన్నంటలేదు.

హరికథలో మాట పోతే అంతా పోయినట్టే. కచేరీలో సాహిత్యం సగం వినబడకపోయినా రాగం పట్టుకుని కూర్చుంటారు. ఇక్కడ అలా కాదు. కథ చెప్పే భాగవతారిణి పాట పాడుతుంది, పద్యం అందుకుంటుంది, చప్పున వచనంలోకి దిగుతుంది, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తుంది. వినేవాళ్లకి ప్రతి మాటా అందాలి.

పశ్చిమ గోదావరిలో ఓ పట్టణం. శ్రీరామనవమి ఉత్సవాల్లో మూడు రాత్రులు హరికథలు. ఏటా రామాలయం ముందు తాటాకు పందిట్లోనే జరిగేవి. అక్కడ నేను చాలాసార్లు మైకు పెట్టాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పైన తాటాకు, కింద ఇసుక, పక్కల ఖాళీ. నోట్లోంచి వచ్చిన మాట జనం మీదుగా వెళ్లిపోతుంది, తిరిగి రాదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) పేరు తెచ్చుకున్న రోజుల్లో మైకులే లేవు. గొంతు గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ పందిరి కూడా ఆ గొంతుకి సాయపడిందని నా నమ్మకం. ఈసారి అకాల వర్షాలని కమిటీవాళ్లు కార్యక్రమాన్ని ఏసీ ఫంక్షన్ హాలుకి మార్చారు.

హాలు వంద అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నేలంతా పాలరాయి, గోడలకి నిలువెత్తు టైల్స్, పైన నున్నటి పీవోపీ సీలింగ్, వెనక గోడ పొడవునా అద్దాల తలుపులు. పెళ్లి ఫోటోలకి ఎంత బాగుంటుందో మాటకి అంత కష్టం. చప్పట్లు కొడితే నాలుగు సెకన్లు మోగుతూనే ఉంది.

మొదటి రాత్రి నేను చేసిన అసలు పొరపాటు ఇది. హాలువాళ్లు గోడలకి బిగించిన బాక్సులనే నమ్ముకున్నాను. రెండు పొడుగు గోడలకీ ఆరేసి చొప్పున 12 బాక్సులు, ఒకదానికొకటి ఎదురెదురుగా, అన్నింట్లోంచీ ఒకేసారి సౌండు. జనానికి రెండు పక్కలా ఇన్ని బాక్సులు ఉంటే వెనకదాకా అందుతుందిలే అనుకున్నాను. అందింది కూడా. కాకపోతే ఒక్కొక్కరికి పన్నెండుసార్లు అందింది. వెనక వరసలో ఎడమ గోడ పక్కన కూర్చున్న మనిషికి పక్క బాక్సు మాట ముందు వినబడుతుంది. ఎదుటి గోడ బాక్సు మాట దాదాపు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, స్టేజి దగ్గరి బాక్సుది 70 దాటాక వస్తుంది. దీని మీద పాలరాయి మోత వేరే. మాట తెలియడం లేదని ఎవరో చెయ్యి ఊపారు, నేను ఫేడర్, అంటే సౌండు పెంచే మీట, పైకి తోశాను. మోత ఇంకా పెరిగింది. ముందు వరసలో మీటర్ 96 డెసిబెల్స్ చూపించింది. అయినా మాట తెలియలేదు.

ఇలాంటి హాల్లో ఫేడర్ పెంచితే మాటతో పాటు గది మోత కూడా అంతే పెరుగుతుంది. ఆ రెండింటి నిష్పత్తి మారదు. ఈ సంగతి నాకు తెలియక కాదు. జనం చూస్తుండగా చెయ్యి ఊపితే టెన్షన్‌లో చెయ్యి ఫేడర్ మీదికే పోతుంది.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికే హాలు తాళాలు తీయించాను. ముందు హాలు ఎంతసేపు మోగుతోందో చూడాలి. స్టేజి మీద బెలూన్లు పగలగొట్టి, మూడు చోట్ల ఫోన్‌లో రికార్డు చేశాను. మధ్యస్థాయి ధ్వనులకి 4.2 సెకన్లు వచ్చింది. కింది స్థాయికి ఇంకా ఎక్కువ, మృదంగం తొప్పి, అంటే ఎడమ వైపు, మోగే చోట అయిదు దాటింది. లెక్కకి కూడా సరిపోయింది. ఆ లెక్క మనకి ఇచ్చినవాడు హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన వాలెస్ సబీన్. మాట వినబడని ఒక లెక్చర్ హాలుని బాగుచెయ్యమని 1895లో ఆయనకి అప్పగిస్తే, పక్క థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి రాత్రిళ్లు ఆర్గాన్ గొట్టం, స్టాప్‌వాచ్‌తో కూర్చుని కొలిచాడు. గది ఎంత పెద్దదైతే మోత అంత పొడుగు, పీల్చే మెత్తదనం ఎంత ఎక్కువైతే అంత పొట్టి. ఇప్పటికీ పనికొచ్చే సూత్రం అదే.

ఆ సూత్రం ప్రకారం ఈ హాల్లో మెత్తగా ఉండేది జనం ఒక్కరే. 400 మంది కూర్చుంటే 4.2 సెకన్లు 1.8కి దిగుతుందని లెక్క తేలింది. అందుకే ఖాళీ హాల్లో ఈక్యూ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉండాలో సర్దే మీటలు) తిప్పుతూ గంటలు గడపడం నాకు ఇష్టం ఉండదు. జనం వచ్చాక గదే మారిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యాల్సింది బాక్సుల జాగా, మైకుల జాగా, ఆలస్యాల లెక్క.

ఇంకో కొలత కూడా చూసుకున్నాను. బాక్సు నుంచి కొంత దూరం వరకూ నేరుగా వచ్చే మాటదే పైచేయి, ఆ దూరం దాటితే గది మోతది. మంచి బాక్సుతో ఖాళీ హాల్లో ఆ దూరం 17 అడుగులు, జనం నిండాక 26 అడుగులు. చివరి వరస స్టేజికి 85 అడుగుల దూరంలో ఉంది. అంటే స్టేజి దగ్గర ఎంత పెద్ద బాక్సు పెట్టినా వెనకవాళ్లు వినేది గదినే. బాక్సు వాళ్ల దగ్గరికి వెళ్లాలి, గోడకి దూరంగా ఉండాలి, మనుషుల మీదికే చూడాలి.

అసలు ఒక మేలైన దారి ఉంది. కథ చెప్పే వేదికని పొడుగు గోడ మధ్యకి మార్చి, చుట్టూ అర్ధచంద్రంలా కుర్చీలు వేస్తే చివరి వరస 50 అడుగుల లోపే పడుతుంది. ప్రెసిడెంటుగారిని అడిగాను. "స్టేజి మీద ఉత్సవ విగ్రహాలు పెట్టాం కదయ్యా, స్వామిని పక్కకి పెట్టి కథ చెప్పిస్తామా?" అన్నారు. ఆయన మాటా నిజమే. వదిలేశాను.

మాట తెలుస్తోందో లేదో కొలవడానికి నా దగ్గర యంత్రం లేదు. దానికంటే మంచిది ఒకటి దొరికింది. హరికథకి ముందు కమిటీవాళ్లు చందాదారుల పేర్లు చదువుతారు: ఇంటిపేరు, పేరు, ఎంత ఇచ్చారు. కథైతే ముందు మాటని బట్టి తర్వాతి మాట ఊహించుకోవచ్చు. ఇంటిపేరుని ఊహించలేం, డబ్బుల అంకెని అసలే ఊహించలేం. కిందటేడు కరపత్రం సంపాదించి, మా కుర్రాడిని స్టేజి మీద నిలబెట్టి 20 పేర్లు చదవమన్నాను. నేను చివరి వరసలో కాగితం పట్టుకుని కూర్చున్నాను. గోడ బాక్సుల మీద 20లో 7 రాశాను. అందులో ఒకటి గమనించాను. ప్రతి అంకె చివరా "పదహార్లు" స్పష్టంగా తెలుస్తోంది. దాని ముందున్నది అయిదు వందలో, వెయ్యిన్నూటో, రెండు వేలో తెలియడం లేదు.

కారణం మన భాషలోనే ఉంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, హరికథలో ఆ అచ్చుని సాగదీస్తారు. ధ్వనిలో బలమంతా అచ్చుదే. క, త, ప, స లాంటి హల్లులు చాలావరకు పై స్థాయిలో ఉండే చిన్న చిన్న విదిలింపులు, అచ్చుతో పోలిస్తే చాలా పలచన. నాలుగు సెకన్లు మోగే గదిలో ముందు మాట చివరి అచ్చు తోక వచ్చి తర్వాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. వరసగా వచ్చే మాటల్లో ఆఖరుది మాత్రం బతుకుతుంది, ఎందుకంటే దాని తర్వాత ఊపిరి తీసుకుంటారు. వేగంగా నడిచే వచనానికైతే ఆ ఖాళీ కూడా ఉండదు.

గోడ బాక్సులన్నీ ఆపేశాను. స్టేజికి రెండు వైపులా 12 అంగుళాల టాప్స్ (ముఖ్యమైన బాక్సులు) రెండు, స్టాండ్ల మీద తొమ్మిది అడుగుల ఎత్తులో పెట్టి, ముక్కు కిందికి వంచి, కొంచెం లోపలికి తిప్పాను. సౌండు ఎనిమిదో వరస తలల మీద పడాలి, పక్క గోడల టైల్స్‌కి తగలకూడదు. 42 అడుగుల దగ్గర, నడవకి అటూ ఇటూ ఎనిమిది అంగుళాల చిన్న బాక్సులు రెండు. వీటికి ఆలస్యం (డిలే) ఇవ్వాలి, అంటే స్టేజి మాట అక్కడికి చేరాకే ఇవి పలకాలి. హాల్లో 26 డిగ్రీలు. ఆ వేడికి సౌండు ఒక అడుగు నడవడానికి సుమారు 0.88 మిల్లీసెకన్లు పడుతుంది. 42 అడుగులకి 37. దానికి ఇంకో 12 కలిపి 49 పెట్టాను. ఆ 12 ఎందుకంటే, రెండు చోట్ల నుంచి ఒకే మాట వస్తే ముందు వచ్చిన వైపే మనిషి చూస్తాడు. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇది పరీక్షించి చెప్పాడు. పక్కనున్న చిన్న బాక్సే మాట అందిస్తున్నా, వెనకవాళ్లకి కథ చెప్పే అమ్మగారు స్టేజి మీంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కథ చెప్పేవాళ్ల నోరు ఒకచోట, మాట ఇంకోచోట ఉంటే జనం మనసు కథలో నిలవదు.

బేస్ బాక్సులు వ్యాన్‌లోనే ఉంచేశాను. మా కుర్రాళ్లకి నచ్చలేదు, మృదంగం చప్పగా ఉంటుందన్నారు. నిజానికి మృదంగం తొప్పి మోత ఈ గదిలో దానంతట అదే నిండిపోతుంది, మనం కలిపేది ఏమీ లేదు. మొదటి రాత్రి ఏడు మైకులు తెరిచి ఉన్నాయి, వాటిని నాలుగుకి తగ్గించాను. మృదంగానికి ఒక్క కుడి వైపే మైకు. శ్రుతి పెట్టెకి మైకు తీసేసి, దాన్ని స్టేజి మీది మానిటర్‌లోకి, అంటే పాడేవాళ్ల వైపు తిప్పిన బాక్సులోకి, మాత్రమే ఇచ్చాను. తెరిచిన మైకులు సగమైతే మైకు కూత (ఫీడ్‌బ్యాక్) పెట్టేలోపు 3 డెసిబెల్స్ వెసులుబాటు దొరుకుతుంది. ప్రతి మైకూ గది మోతని కూడా లోపలికి లాగుతుంది కాబట్టి ఆ లాభం వేరే.

మెత్తదనం కోసం టెంట్ హౌస్‌కి వెళ్లాను. రెండు రాత్రులకి 4,500 అద్దె మాట్లాడుకుని పందిరి పక్కలకి కట్టే పరదాలు, పాత దళసరి జంపఖానాలు తెచ్చాం. పరదాని గోడకి అంటించి సాపుగా కడితే పెద్దగా లాభం లేదు. కుచ్చిళ్లు పెట్టి, వెనక అద్దాల నుంచి ఒక అడుగు ఇవతలికి, వెదురు బొంగులకి కట్టించాను. గుడ్డ వెనక ఖాళీ ఉంటేనే అది కొంచెం కింది స్థాయి దాకా పీలుస్తుంది. బయటికి వెళ్లే తలుపులు రెండింటికీ గుడ్డ అడ్డం రానివ్వలేదు. స్టేజి మీద, ముందు ఖాళీలో జంపఖానాలు పరిచాం. పిల్లలు వచ్చి వాటి మీదే కూర్చున్నారు, పందిట్లో కూర్చున్నట్టే. ఇదంతా కలిపినా మోత 1.8 నుంచి 1.6కి దిగి ఉంటుందంతే. కానీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే ఆ ఒక్క పెద్ద దెబ్బ బాగా మెత్తబడింది. సాయంత్రం ఖాళీ హాల్లో మళ్లీ పేర్లు చదివిస్తే 20లో 13 రాయగలిగాను.

ఇక అమ్మగారి మైకు. మొదటి రాత్రి చీర అంచుకి కాలర్ మైకు పెట్టాం. కథ మొదలుపెట్టే ముందు కమిటీవాళ్లు మెడలో చామంతి దండ వేశారు, రెండు గంటలూ ఆ దండ మైకుని రాస్తూనే ఉంది. పైగా కాలర్ మైకు నోటికి జానెడు దూరం. చెవికి తగిలించే సన్నటి హెడ్‌సెట్ మైకు బుగ్గ మీద, నోటికి అంగుళంన్నర దూరంలో ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. అంటే ఫేడర్ ముట్టుకోకుండానే దాదాపు 15 డెసిబెల్స్ లాభం. ఈ పని మొత్తంలో అతి పెద్ద మార్పు ఇదే.

ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "అది నాటకాలవాళ్లు పెట్టుకునేది బాబూ. కథ చెప్పేదాన్ని, మొహం మీద ఆ తీగేంటి?" అన్నారు. అప్పుడు వెనక వరసలో పెద్దావిడ అన్న మాట చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తల పక్కకి వంచి "సరే, కనబడకుండా పెట్టు" అన్నారు. ఒంటి రంగు టేపు ముక్కతో చెవి ముందు అతికించి, తీగని జడ వెనక నుంచి దింపాను. "కొంచెం ఎకో పెట్టు, గొంతు పొడిగా ఉంది" అని అడిగారు. పాడేవాళ్లకి అది న్యాయమైన కోరిక. ఎకో లేకపోతే గొంతు ఒంటరిగా అనిపించి, గట్టిగా పాడి అలిసిపోతారు. ఆవిడ మానిటర్‌లో మాత్రం కాస్త రివర్బ్ (ఆ ఎకోనే) కలిపాను. బయట బాక్సుల్లోకి చుక్క కూడా వెళ్లనివ్వలేదు.

ఆవిడ శ్రుతి అయిదు. షడ్జం 196 హెర్ట్జ్, కిందికి దిగితే మంద్ర పంచమం 147. అందుకే గొంతు ఛానెల్లో 130 కింద ఉన్నదంతా కోసేశాను, ఆవిడ పాటలో ఒక్క స్వరం కూడా పోదు. 315 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గించాను, 3,000 దగ్గర 2 పెంచాను. ఈక్యూ పని అంతటితో సరి.

రెండో రాత్రి మొదటి పావుగంటకే తేడా తెలిసింది. ముందు వరసలో 85 డెసిబెల్స్ కూడా లేవు, అయినా మాట తెలుస్తోంది. కానీ రెండు తప్పులు బయటపడ్డాయి. శివధనుర్భంగం ఘట్టంలో ఆవిడ ఆవేశంగా స్టేజి అంచుదాకా వచ్చారు. టాప్స్ కంటే ముందుకి వచ్చేసరికి 2,500 దగ్గర కుయ్యిమని కూత పెట్టింది. విల్లు విరిగే క్షణంలో ఆ కూత. నేను వెంటనే లాగేశాను, ఆవిడ కూడా ఆగకుండా నడిపించేశారు. కానీ ఆ ఘట్టం తిరిగి రాదు కదా, ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

రెండోది కనిపెట్టడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. పాట నడుస్తున్నప్పుడు అక్కడక్కడ మాట మొదటి అక్షరం మాయమవుతోంది. హాలు కాదు, వైరు కాదు, మైకు కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాను. ప్రతిసారీ చిరతలు మోగిన మరుక్షణమే పోతోంది. ఆవిడ తాళానికి చెయ్యి ఎత్తినప్పుడు చిరతలు బుగ్గ దగ్గరికి వస్తాయి. ఆ గల్లుమనే చప్పుడు గొంతు కంటే సూటిగా మైకులోకి దిగుతుంది. నేను పెట్టిన కంప్రెసర్, అంటే సౌండు ఎక్కువైతే దానంతట అదే తగ్గించేది, ఆ చప్పుడు చూసి మొత్తం ఛానెల్‌ని అణిచేస్తోంది, అది తేరుకునేలోపు తర్వాతి మాట మొదటి అక్షరం దాటిపోతోంది. గొంతుని కాపాడడానికి పెట్టిందే గొంతుని మింగుతోంది.

కంప్రెసర్ తీసేసి చేత్తోనే ఫేడర్ నడిపాను. దీనికి హరికథ నడక తెలిసి ఉండాలి. వచనంలోకి దిగేముందు ఆవిడ చిరతలు ఆపుతారు. అదే గుర్తు, అక్కడ 4 డెసిబెల్స్ పైకి. పద్యం చివర రాగం తీస్తుంటే మెల్లగా కిందికి. పిట్టకథ చెప్పేటప్పుడు గొంతు మార్చి ముసలమ్మలా, పిల్లాడిలా మాట్లాడతారు, అప్పుడు ఇంకొంచెం పైకి. చిన్నప్పుడు పందిట్లో జంపఖానా మీద కూర్చుని విన్న కథలు ఆ రాత్రి నా చేతికి పనికొచ్చాయి.

మూడో రోజు టాప్స్‌ని స్టేజి అంచుకి అయిదు అడుగులు ముందుకి జరిపాను, కూత పెట్టిన 2,500 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక గాటు పెట్టాను, అంటే ఆ ఒక్క స్థాయినే తగ్గించాను. టాప్స్ ముందుకి వచ్చాయి కాబట్టి డిలే బాక్సుల లెక్క మళ్లీ వేసి 45కి మార్చాను. ఇది చాలామంది మర్చిపోతారు. స్టేజి పక్కనున్న రెండు ఏసీ బ్లోయర్లని కథ జరిగినంతసేపూ ఆపమని హాలు కుర్రాడిని బతిమాలాను.

సాయంత్రం ఏడున్నరకి హాలు నిండింది. కార్యదర్శిగారు ఈ ఏటి చందాదారుల పేర్లు చదవడం మొదలుపెట్టారు. మా కుర్రాడు చివరి వరసలో పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. 20లో 18 రాశాడు. అంకెల్లో ఒక్కటే తప్పు.

ఇంకో కొలత నేను అనుకోకుండా దొరికింది. మొదటి రాత్రి పిట్టకథకి ముందు వరసలు నవ్వాయి. వెనకవాళ్లలో కొందరు ముందువాళ్ల నవ్వు చూసి నవ్వారు, కొందరు పక్కవాళ్లని ఏమన్నారని అడిగారు. మూడో రాత్రి ఆవిడ ముసలమ్మ గొంతుతో ఒక మాట అన్నారు. హాలంతా ఒక్కసారే నవ్వింది, ముందూ వెనకా తేడా లేదు. ఆవిడ కూడా అది పసిగట్టారు. అక్కడి నుంచి గొంతు తగ్గించి, దగ్గరివాళ్లతో మాట్లాడినట్టు చెప్పడం మొదలుపెట్టారు. మొదటి రాత్రంతా అరిచిన మనిషి.

ఎడమ వైపు మెట్ల కింద మూల మాత్రం నా వల్ల కాలేదు. రెండు స్తంభాలు అడ్డం, పైన తక్కువ ఎత్తు సీలింగ్. అక్కడ కూర్చున్న మా రెండో కుర్రాడికి 20లో 12 మాత్రమే వచ్చాయి. సుమారు 30 మంది పడతారు అక్కడ. అక్కడికి ఒక చిన్న బాక్సు, దాని ఆలస్యం 62 మిల్లీసెకన్లు అని కాగితం మీద రాసి, హాలు కొలతలతో పాటు మిక్సర్ పెట్టెలో పెట్టాను. వచ్చే ఏడు కూడా వాన పడితే ఆ బాక్సు అక్కడికి వెళ్తుంది.